డ్యాష్‌బోర్డు వెనుక దాగిన లైసెన్సు రాజ్

ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనైనా, బెంగళూరు జె.సి. రోడ్డులోనైనా, చెన్నై జి.పి. రోడ్డులోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా, కారు స్టీరియో కొనడానికి వెళ్లిన మనిషి ధర అడిగిన తరువాత అడిగే ప్రశ్న ఒకటే: "వైర్లు కట్ చేస్తారా?" దుకాణదారు జవాబూ దాదాపు అన్నిచోట్లా ఒకటే: "ఒక్క వైరూ కట్ చెయ్యం సార్. కప్లర్‌కి కప్లర్ పెడతాం. వారంటీకి ఏమీ కాదు." వినడానికి ఇది మామూలు బేరసారమే. కానీ ఈ రెండు మాటల వెనుక ఒక రాజకీయార్థిక ప్రశ్న ఉంది. లక్షల రూపాయలు పోసి, వాయిదాలు కట్టుకుంటూ, తన పేరిట రిజిస్టర్ చేయించుకున్న వాహనంలో ఒక తీగను ముట్టుకోవడానికి యజమాని ఎందుకు భయపడుతున్నాడు? ఆ భయం విద్యుత్తు గురించి కాదు, కంపెనీ గురించి. తన ఆస్తి మీద తన అధికారం ఎంతవరకో తెలియని స్థితి గురించి.

ఆస్తి హక్కు గురించీ స్వేచ్ఛా విపణి గురించీ గంభీరంగా చర్చించే మేధావులు ఈ చిన్న విషయాన్ని పట్టించుకోరు. పట్టించుకోవాలి. ఎందుకంటే రేపు ట్రాక్టరు విషయంలో, పంపుసెట్టు విషయంలో, సౌర ఇన్వర్టరు విషయంలో తలెత్తే ప్రశ్న ఇవాళ కారు స్టీరియో వెనుక స్పష్టంగా కనిపిస్తోంది. కొన్నవాడిది వస్తువు మాత్రమేనా? దాన్ని తెలుసుకునే హక్కు కూడా అతనిదేనా?

తీగల్లో రహస్యమేమీ లేదు

స్టీరియో బిగించడం బ్రహ్మవిద్య కాదు. విపణిలో విడిగా దొరికే స్టీరియోల తీగల రంగులకు ఒక వాడుక స్థిరపడింది. పసుపు తీగ బ్యాటరీ నుంచి నిరంతరం 12 వోల్టులు తెస్తుంది. గడియారం, గుర్తుంచుకున్న స్టేషన్లు చెరిగిపోకుండా ఉండేది దానివల్లే. ఎర్ర తీగకు తాళం తిప్పినప్పుడే కరెంటు వస్తుంది. నలుపు తీగ కారు బాడీకి, అంటే ఎర్తుకు. నీలం యాంటెనాకు, నీలం మీద తెల్ల చార ఉన్నది యాంప్లిఫయరును మేల్కొలపడానికి. ముందు ఎడమ స్పీకరుకు తెలుపు, ముందు కుడికి బూడిద రంగు, వెనుక ఎడమకు ఆకుపచ్చ, వెనుక కుడికి ఊదా. ప్రతిదానికీ నల్లచార ఉన్న జత తీగ రుణధ్రువం. మల్టీమీటరు పట్టుకోవడం వచ్చిన ఏ ఆటో ఎలక్ట్రీషియనైనా ఒక పూటలో నేర్చుకోగల విషయం ఇది.

కారు వైపు తీగల రంగులు మాత్రం ఒక్కో కంపెనీవి ఒక్కోలా ఉంటాయి. ఈ గందరగోళాన్ని తగ్గించడానికే ఐఎస్ఓ 10487 అనే అంతర్జాతీయ ప్రమాణం పుట్టింది. ఎనిమిదేసి పిన్నుల కప్లర్లు రెండు. ఒకటి విద్యుత్తుకు, ఒకటి స్పీకర్లకు. విద్యుత్ కప్లర్‌లో నాలుగో పిన్ను బ్యాటరీకి, ఏడోది తాళానికి, ఎనిమిదోది ఎర్తుకు. కొన్ని ఐరోపా కార్లలో నాలుగు, ఏడు తారుమారుగా ఉంటాయి. అది తెలియక బిగిస్తే బండి ఆపిన ప్రతిసారీ స్టీరియో తన జ్ఞాపకాన్ని పోగొట్టుకుంటుంది. తెలిస్తే రెండు తీగలు మార్చి పెడితే చాలు. వెయ్యి రూపాయల సమస్యకూ రెండు నిమిషాల పనికీ మధ్య ఉన్న తేడా ఒక్క కాగితం: వైరింగ్ చిత్రపటం. ఆ కాగితం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

చరిత్ర కూడా గుర్తు చేసుకోవాలి. కారులో రేడియో అనే ఆలోచనను జనంలోకి తెచ్చింది కార్ల కంపెనీలు కావు. 1930లో అమెరికాలోని షికాగోలో గాల్విన్ సోదరుల సంస్థ, ఎవరో తయారు చేసిన కారులో తాము తయారు చేసిన రేడియోను బిగించి అమ్మింది. దానికి వాళ్లు పెట్టిన పేరు మోటరోలా. తరువాత సంస్థ పేరే అదయింది. అంటే బయటివాడు లోపలికి వచ్చి బిగించడం కారు స్టీరియో చరిత్రలో అపచారం కాదు, ఆరంభం.

ప్రభుత్వం వదిలిన లైసెన్సును కంపెనీ పట్టుకుంది

ఈ దేశంలో ఒకప్పుడు రేడియో వినడానికే లైసెన్సు కావాలి. 1885 నాటి టెలిగ్రాఫు చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం రేడియో సెట్టు ఉన్న ప్రతి ఇంటి నుంచీ రుసుము వసూలు చేసింది. పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడి లైసెన్సు పుస్తకం మీద ముద్ర వేయించుకున్న తరం ఇంకా బతికే ఉంది. 1980ల మధ్యకాలంలో ఆ లైసెన్సు పోయింది. 1995లో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 2001లో ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలు వచ్చాయి. శ్రోతకు స్వేచ్ఛ దక్కిందని అందరూ అనుకున్నారు.

తరంగం స్వేచ్ఛ పొందింది. తీగ పొందలేదు. 1980లలో జర్మనీకి చెందిన బాష్ సంస్థ రూపొందించిన క్యాన్ అనే సమాచార వ్యవస్థ క్రమంగా కార్లన్నిటిలోకీ వచ్చింది. పాత కారులో ప్రతి పనికీ ఒక తీగ ఉండేది. కొత్త కారులో మెలివేసిన రెండు తీగల మీద అన్ని భాగాలూ సంకేతాల ద్వారా మాట్లాడుకుంటాయి. ఇది మంచి ఆవిష్కరణే. తీగల బరువు తగ్గింది, లోపాలు కనిపెట్టడం సులువైంది. అయితే అనేక కొత్త కార్లలో స్టీరియో వెనుక వెతికితే తాళంతో వెలిగే ఎర్ర తీగ కనిపించదు. తాళం తిరిగిందన్న సంగతి సంకేతంగా వస్తుంది. స్టీరింగు మీది మీటలు, వెనుక కెమెరా, కొన్ని కార్లలో హెచ్చరిక శబ్దాలు కూడా కంపెనీ స్టీరియోతోనే ముడిపడి ఉంటాయి. దాన్ని తీసేస్తే పాటతోపాటు భద్రత కూడా కొంత పోతుంది.

ఈ సంకేతాల అర్థం కంపెనీకి తెలుసు. కారు యజమానికి తెలియదు, మెకానిక్కుకు తెలియదు. అందుకని మధ్యలో డీకోడరు పెట్టె అనే కొత్త వస్తువు పుట్టింది. ఎక్కడో ఎవరో ఆ కారు సంకేతాలను ఊహించి, పరీక్షించి, తయారు చేసిన పెట్టె అది. సరిగా పనిచేస్తే అదృష్టం, చేయకపోతే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం. ప్రభుత్వం వదిలిపెట్టిన లైసెన్సు పుస్తకాన్ని కంపెనీలు తీసుకుని డ్యాష్‌బోర్డు వెనుక దాచాయి. పాత లైసెన్సుకు కనీసం రుసుమెంతో అందరికీ తెలిసేది. ఈ కొత్త లైసెన్సుకు రుసుము, నియమం, అప్పీలు ఏవీ కాగితం మీద లేవు.

భారం ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి. తెర, కెమెరా, మంచి స్పీకర్లు ఉన్న ఖరీదైన మోడలు కొనగలిగినవాడికి ఈ సమస్య ఎదురు కాదు. బేస్ మోడలు కొని, ఏడాది తరువాత చేతిలో డబ్బు ఆడినప్పుడు స్టీరియో పెట్టించుకునే చిరుద్యోగికీ, పాత కారు కొన్న కుటుంబానికీ, రోజుకు పన్నెండు గంటలు బండిలోనే గడిపే ట్యాక్సీ డ్రైవరుకూ ఎదురవుతుంది. ఒక్కో సౌకర్యాన్నీ విడిగా చేర్చుకోవడం మధ్యతరగతి జీవనవిధానం. ఆ దారి మూసేస్తే మిగిలేది ఒకటే: అవసరం లేని పది సౌకర్యాలతో కలిపి అవసరమైన ఒక్కదాన్ని కొనడం.

తీర్పు ఉంది, అమలు లేదు

చట్టం ఈ విషయంలో మౌనంగా ఉందనుకుంటే పొరపాటు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలనూ, లోపాలు పరీక్షించే పరికరాలనూ, సాంకేతిక సమాచారాన్నీ స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేయడం పోటీని చంపడమేనని తేల్చింది. బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే షరతు పెట్టరాదని ఆదేశించింది. 2016లో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానా లెక్కగట్టే పద్ధతిని మార్చి భారం తగ్గించింది. కంపెనీలు తప్పు చేశాయన్న నిర్ధారణను మాత్రం నిలబెట్టింది.

పదేళ్లు దాటిపోయాయి. అయినా "వైర్లు కట్ చేస్తారా?" అన్న ప్రశ్న ఇంకా వినబడుతూనే ఉంది. ఆ ప్రశ్న వినబడినంత కాలం ఆ ఆదేశం వినియోగదారుడి దాకా చేరలేదనే అర్థం. కమిషన్ ఆదేశాన్ని కారు అమ్మే చోట గోడమీద అంటించాలని ఏ ప్రభుత్వమూ కోరలేదు. వారంటీ పుస్తకంలో పెద్దక్షరాలతో అచ్చు వేయాలని ఏ మంత్రిత్వ శాఖా అడగలేదు. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టమే, ఫలానా కంపెనీ భాగాన్నే, ఫలానా చోటే వాడాలని వారంటీకి ముడిపెట్టడాన్ని సాధారణంగా నిషేధించింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లోనూ 2020లోనూ ఓటర్లు బ్యాలెట్ ద్వారా కారు మరమ్మతు హక్కును గెలుచుకున్నారు. పెట్టుబడికి స్వర్గమని పేరున్న దేశంలో సాధ్యమైనది ఇక్కడ ఎందుకు అసాధ్యమో చెప్పవలసిన బాధ్యత పాలకులది.

ఇక్కడ చట్టం మరోవైపు నుంచి భయపెడుతోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్న వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా నొక్కి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెప్పింది. ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్ల సంఖ్య, బరువు, ఇంధనం వంటివి రిజిస్ట్రేషను పత్రంలో ఉంటాయి. స్టీరియో ఉండదు. కాబట్టి స్టీరియో మార్చడం ఆ సెక్షను ఉద్దేశించిన మార్పు కాదన్నది సహజమైన అర్థం. అయితే చట్టం ఆ మాట తానుగా చెప్పదు. చట్టం చెప్పని చోట మాట్లాడేది రోడ్డు మీద నిలబడ్డ అధికారి. అస్పష్టత ఎప్పుడూ బలవంతుడికే లాభం.

విచిత్రమేమిటంటే బీమా నియమాలు ఈ మార్పును ఎప్పుడో గుర్తించాయి. కంపెనీ అమర్చని విద్యుత్ పరికరాలను పాలసీలో ప్రకటించి, వాటి విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం చెల్లిస్తే వాటికీ రక్షణ కల్పించే ఏర్పాటు మోటారు టారిఫ్‌లో ఉంది. అంటే బీమా దృష్టిలో బయటి స్టీరియో సహజమైన సంగతి, వారంటీ దృష్టిలో అనుమానాస్పదం, చట్టం దృష్టిలో అస్పష్టం. ఒకే వస్తువుకు మూడు ముఖాలు. ఈ మూడింటి మధ్య నలిగేది కొన్నవాడూ, బిగించినవాడూ.

భద్రత పేరిట గోప్యత

కంపెనీల వైపు వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. తప్పుగా బిగించిన స్టీరియో నిజంగా ప్రమాదకరం. తీగ కోసి, మెలిపెట్టి, నల్లటేపు చుట్టి వదిలేస్తే వేసవి వేడికి ఆ టేపు జారిపోతుంది. రెండు తీగలు తాకితే షార్ట్ సర్క్యూట్. 500 వాట్ల యాంప్లిఫయరు 12 వోల్టుల మీద 40 ఆంపియర్లకు పైగా లాగగలదు. దానికి స్టీరియో తీగ నుంచే కరెంటు ఇస్తే ఆ తీగ కాలుతుంది. బ్యాటరీ నుంచి లావుపాటి కేబులు వేరుగా తెచ్చి, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు పెట్టాలి. ఇది తెలియనివాడూ, తెలిసినా ఖర్చు తగ్గించడానికి మానేసేవాడూ విపణిలో ఉన్నారు. చవక ఆండ్రాయిడ్ స్టీరియోల విషయంలో మరో అనుమానం కూడా సమంజసమే. మైకు, ఫోను నంబర్లు, ప్రయాణ మార్గం అన్నీ ఆ తెరకు తెలుస్తాయి. దాని లోపలి సాఫ్ట్‌వేరు ఎవరు రాశారో, ఎవరికి నివేదిస్తుందో కొనేవాడికి తెలియదు.

ఇవన్నీ నిజాలే. కానీ వీటిలో ఏ ఒక్కటీ సమాచారాన్ని దాచమని చెప్పదు. అన్నీ సమాచారాన్ని పంచమనే చెబుతాయి. మెకానిక్కు తీగ కోసేది కోత మీద మమకారంతో కాదు. సరైన కప్లరు దొరకక, దొరికినా ఏ పిన్ను ఏదో తెలియక. పటం ఇస్తే కోత తగ్గుతుంది. ఏ సర్క్యూటుకు ఎంత ఫ్యూజో అచ్చువేస్తే మంట తగ్గుతుంది. చీకట్లో తడుముకునేవాడు తడబడితే, దీపం ఆర్పినవాడికి అందులో భాగం లేదనడం ఏ న్యాయం? ఇక గూఢచర్యం మాటకొస్తే, కంపెనీ అమర్చిన తెర మాత్రం పవిత్రమా? కనెక్టెడ్ కారు అని గొప్పగా ప్రకటించే వాహనంలో సిమ్ము ముందే ఉంటుంది. ఆ కారు ఎక్కడెక్కడ తిరిగిందో తయారీదారుకు చేరగలదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వర్తించవలసింది రెండు తెరలకూ. చైనా నుంచి వచ్చిన చవక తెరను అనుమానించే దేశభక్తి, షోరూములో కొన్న తెర దగ్గర నిద్రపోకూడదు.

పైగా ప్రభుత్వం తలచుకుంటే ప్రమాణం విధించడం కష్టమేమీ కాదని రుజువైంది. కాలుష్య నియంత్రణ కోసం ఒకే తరహా ఓబీడీ కప్లరు ప్రతి కొత్త కారులోనూ ఉండాలని నియమం వచ్చింది. స్టీరింగు కింద ఉండే ఆ 16 పిన్నుల కప్లరుకు ఏ కంపెనీ కారుకైనా ఒకే స్కానరు తగులుతుంది. ఉద్గారాల లోపాల సంకేతాలు బహిరంగ ప్రమాణాలే. దానివల్ల ఏ కంపెనీ మునిగిపోలేదు, ఏ రహస్యమూ బజారున పడలేదు. పొగ విషయంలో సాధ్యమైనది పాట విషయంలో కాకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. ఉన్నది ఒక్క రాజకీయ కారణమే: పొగ విషయంలో ప్రభుత్వం అడిగింది, ఇక్కడ అడగలేదు.

పోర్టలు హక్కు కాదు

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టలు ప్రారంభించింది. కంపెనీలు తమ సర్వీసు కేంద్రాలు, విడిభాగాలు, వారంటీ వివరాలు అందులో పెట్టాలన్నది ఆశయం. ఆశయం మంచిదే. కానీ ఇష్టముంటే చేరు, లేకుంటే మానుకో అనే పద్ధతిని హక్కు అనరు, విజ్ఞప్తి అంటారు. హక్కు అంటే నిరాకరించినవాడిని నిలదీయగల సాధనం. 2025 మేలో మరమ్మతుకు అనుకూలత సూచిక మీద మరో కమిటీ నివేదిక ఇచ్చింది. అది మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల వరకే. ఆ రెండు పనులూ కలిసే చోటు, చక్రాల మీద తిరిగే ఎలక్ట్రానిక్ వస్తువు అయిన కారు, దాని పరిధిలోకి రాలేదు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. మొదటిది, దేశంలో అమ్మే ప్రతి కారు స్టీరియో, స్పీకర్ల వైరింగ్ పటం, ఫ్యూజుల వివరం, స్టీరియోకు చేరే సంకేతాల అర్థం ఉచితంగా బహిరంగపరచడాన్ని వాహన ఆమోదానికి షరతుగా చేర్చాలి. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల వంటి భద్రతా వ్యవస్థల సంకేతాలను ఇందులో చేర్చనక్కరలేదు. స్టీరియోను వాటి నుంచి వేరుచేసే ద్వారాన్ని కంపెనీయే నిర్మించాలి. రెండోది, వారంటీ తిరస్కరించే కంపెనీయే, ఆ లోపం బయటి బిగింపువల్లే వచ్చిందని రాతపూర్వకంగా నిరూపించాలి. నిరూపణ భారం వినియోగదారుడి నెత్తిన ఉండకూడదు. మూడోది, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలను మార్చని ఉపకరణాలు 52వ సెక్షను కిందికి రావని రవాణా మంత్రిత్వ శాఖ ఒక్క పేరా వివరణ జారీ చేయాలి. నాలుగోది, బిగించే చేతులకు గుర్తింపు ఇవ్వాలి. ఐటీఐల్లో ఆటో ఎలక్ట్రికల్ - ఎలక్ట్రానిక్స్ మెకానిక్కు కోర్సు ఉంది. గురువు దగ్గర పనిచేస్తూ నేర్చుకున్న వేలమందికి అదే స్థాయిలో చిన్న పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇవ్వవచ్చు. ధ్రువపత్రం ఉన్నవాడు బిల్లు ఇస్తాడు, ఫ్యూజు పెడతాడు, తప్పు జరిగితే దొరుకుతాడు. భద్రత కోరేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ డిమాండ్లు ఏ పార్టీ మేనిఫెస్టోలోనైనా రెండు పంక్తులకు మించవు. అయినా అవి రాజకీయాల అంచులకే పరిమితమయ్యాయి. కార్ల తయారీ సంఘాలకు ఢిల్లీలో కార్యాలయాలున్నాయి, బడ్జెట్టుకు ముందు సంప్రదింపుల్లో కుర్చీలున్నాయి. జె.సి. రోడ్డులో బోల్టు విప్పే కుర్రవాడికి అలాంటి కుర్చీ లేదు. అతని తరఫున మాట్లాడవలసినవారు స్వయం సమృద్ధి అనే నినాదాన్ని కర్మాగారం గేటు దగ్గరే ఆపేశారు. ఒక దేశం వస్తువును తయారు చేయగలిగితే సగం స్వయం సమృద్ధి. దాన్ని విప్పి, అర్థం చేసుకుని, తిరిగి బిగించగలిగితేనే తక్కిన సగం. ఆ రెండో సగానికి కావలసిన నైపుణ్యం దేశమంతటా చిన్న చిన్న దుకాణాల్లో పడి ఉంది. దానికి లేనిది వైరింగ్ పటం ఉన్న ఒక్క కాగితం. ఆ కాగితాన్ని ఇప్పించడానికి చట్టసభకు ఒక్క పూట చర్చ చాలు.